జవాబులు సరిచూచుకొనుట నేరమా?

ప్రవేశపరీక్ష ముగిసిన సాయంకాలమున పిల్లలు ఒకచోట గుమిగూడి, ప్రశ్నపత్రములు విప్పి, జవాబులు సరిచూచుకొనుట మన యిండ్లలోని పెద్దలకు గిట్టని పనులలో నొకటి. “అయినదేదో అయినది, ఇక దానిని త్రవ్వి యేమి లాభము?” అని తల్లులందురు. “వాడు చెప్పినది విని నీవు దిగులుపడుట యెందుకు?” అని తండ్రులందురు. ఇంతటితో ఊరకుండిన బాగుండును. ఊరకుండరు. పిల్లవాడు గడపలో కాలు పెట్టగానే ఆ తండ్రియే “ఎన్ని కరెక్టైనయి రా?” అని యడుగును. పిల్లలు తమలో తాము చేసికొను విచారణ తప్పు. పెద్దలు చేయు విచారణ ఒప్పు! ఈ రెండు నాలుకల ధోరణిని గూర్చి మన సంఘసభ్యులకు నాలుగు మాటలు నిష్కర్షగా చెప్పవలెనని మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి. కొందరికి కటువుగా తోచవచ్చును. తోచనిండు.

బీదరు తెలుగు కుటుంబములకు పరీక్షలన్నచో మొదటినుండియు రెండు దిక్కుల చూపే. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనప్పుడు మన జిల్లాయు ముక్కలైనది. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఉద్గీరు, నీలంగా ప్రాంతములు నాటి బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమునకే 1973 నవంబరు 1న కర్ణాటకమని పేరు వచ్చినది. గీత గీసినవారు పొలములను, వాగులను చూచిరేమో గాని వియ్యపుటిండ్లను చూడలేదు. అందుచేత నేడు మేనత్త కొడుకు జహీరాబాదులో తెలంగాణమువారి ఈఏపీసెట్ వ్రాయును. మేనమామ కూతురు బీదరులో కర్ణాటకమువారి సీఈటీ వ్రాయును. వైద్యవిద్య కోరినచో ఇద్దరును నీట్ వ్రాయుదురు. పండుగకు కలిసికొన్నప్పుడు ఈ పిల్లలు ఏమి మాటలాడుకొందురని మీరనుకొనుచున్నారు? ప్రశ్నలను గూర్చియే మాటలాడుకొందురు. పెద్దలు మాత్రము సీట్లను గూర్చి, 371-జె అధికరణము క్రింద తీసికొనవలసిన ధ్రువపత్రమును గూర్చి, ఏ కచేరిలో ఎన్ని నాళ్ళు తిరిగినామన్న దానిని గూర్చి మాటలాడుకొందురు. ధ్రువపత్రము కావలసినదే. 2012లో పార్లమెంటు ఆమోదించిన 98వ రాజ్యాంగ సవరణవలన మన వెనుకబడిన జిల్లాలకు కలిగిన మేలును మేము చిన్నచూపు చూడము. కాని ఆ రెండు సంభాషణలలో విద్యకు సంబంధించినది ఏదో తెలిసికొనుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదు.

ఆ సాయంకాలపు ముచ్చటను ఒక్కమారు దగ్గరనుండి చూడుడు. చౌబారా ప్రక్క టీ కొట్టు ముందరనో, కోటకు పోవు దారిలో గోడనీడనో నలుగురు పిల్లలు నిలిచియుందురు. వారి మొదటి చిక్కు జవాబు కాదు, ప్రశ్న. ప్రశ్నపత్రములకు సంకేతములు వేరు. ఒకనికి 12వదిగా వచ్చిన ప్రశ్న మరొకనికి 47వదిగా వచ్చును. కనుక ముందుగా వారు ప్రశ్నను ప్రశ్నతో జత కలుపవలెను. తరువాత ఒకడు ‘రెండవది’ అనును, ఒకతె ‘నాలుగవది’ అనును. అప్పుడు మొదలగును అసలు పని. “నీవెట్లు చేసితివి?” అన్న మాట ఆనాడు వారి చెవిని మొదటిసారి పడును. సూత్రము చెప్పుదురు, లెక్కను కాగితపు అంచున మరల చేయుదురు, ప్రమాణము తప్పితివని ఒకడు మరొకనిని పట్టుకొనును. కన్నడమున మొదలైన వాదము దక్కనీ ఉర్దూలోనికి జారి, కోపము వచ్చినప్పుడు తెలుగులో తేలును. సంజ్ఞలన్నియు ఆంగ్లము. ఈ కలగలుపు మాటను చూచి ముక్కు విరుచు భాషాభిమానులు మనలో కలరు. వారి సంగతి తరువాత చెప్పుదుము.

ఆ “నీవెట్లు చేసితివి?” అన్న ప్రశ్నను మరి యెవరును అడుగరు. జవాబుపత్రము అడుగదు. దానికి కావలసినది నాలుగు సున్నలలో ఒకదానిని నల్లగా దిద్దుట. సీఈటీలో ఒక్కొక్క విషయమునకు 60 ప్రశ్నలు, 80 నిమిషములు, తప్పు జవాబునకు కోత లేదు. తెలిసి దిద్దినవానికిని, కన్నులు మూసికొని దిద్దినవానికిని యంత్రము చూపునకు భేదము లేదు. నీట్ పరీక్షలో ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 మార్కు కోత. అచ్చటను శిక్ష గ్రుడ్డి యెత్తునకు గాని అజ్ఞానమునకు గాదు. ఎవడు తెలిసి వ్రాసెను, ఎవడు తోచినది దిద్దెను అన్నది లోకములో ఒక్కచోట మాత్రమే బయటపడును: ఆ గోడనీడన. స్నేహితుడు నిలదీసినప్పుడు “నాకు తెలియదురా, ఊరకే దిద్దినాను” అని నవ్వుచు ఒప్పుకొను పిల్లవాడు ఆ నిమిషమున చదువుకొన్నంత, రెండేండ్ల కోచింగులో చదువుకొనియుండడు. మూడు గంటల పరీక్షయొక్క సారము ఆ అరగంట ముచ్చటలో కలదని మేము సాహసించి చెప్పుచున్నాము.

పెద్దల అభ్యంతరములో ఒక భాగము న్యాయమని ఒప్పుకొనవలెను. ఉదయమొక విషయము, మధ్యాహ్నమొక విషయము ఉన్న దినమున, నడిమి వేళలో జవాబులు తవ్వుకొని మనస్సు చెరుపుకొనుట తెలివితక్కువ. ఆ వేళలో పెరుగన్నము తిని కొంచెము నడుము వాల్చుట మంచిది. మేము చెప్పునది చివరి గంట మ్రోగిన తరువాతి సంగతి.

అప్పుడేమి జరుగుచున్నది? పిల్లలు ఇంకను దారిలో ఉండగనే పట్టణములనుండి ‘కీలు’ వచ్చి తండ్రుల చేతిలోని ఫోనులలో వ్రాలును. ఏ కోచింగు సంస్థ కీ ముందు వచ్చునో అను పందెమొకటి. ఒక సంస్థ కీకిని మరొక సంస్థ కీకిని పొత్తు కుదరదు. అయినను తండ్రి దానిని వేదవాక్యముగా గ్రహించి, పిల్లను ఎదుట కూర్చుండబెట్టి, ఎఱ్ఱకలముతో కొట్టివేతలు ప్రారంభించును. అచ్చట “ఎట్లు చేసితివి” లేదు. “ఏది దిద్దితివి” మాత్రమే. సరి, తప్పు, సరి, తప్పు. చివరకు కూడిక. కూడికమీద నిరుటి ర్యాంకుల పట్టిక. పట్టికమీద పొరుగింటివారి అమ్మాయి. రాత్రి భోజనము చల్లారిపోవును. జవాబులు సరిచూచుకొనుట హానికరమని చెప్పు ఇంటిలోనే, హానికరమైన రూపమున అది జరుగుచున్నది!

హానియని మేమనుట అలంకారమునకు గాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తరువాత విచారించిన త్రిసభ్య సంఘము ఆ ఫలితముల తయారీలో లోపములున్నవని తేల్చినది. తప్పినవారందరి జవాబుపత్రములను మరల పరిశీలింపవలసివచ్చెను. ఒక విద్యార్థినికి తెలుగు పరీక్షలో 99 మార్కులు రాగా పట్టికలో సున్న పడినది. తెలుగులోనే సున్న! ఆ బాలిక మొదటి సంవత్సరమున మంచి మార్కులు తెచ్చుకొన్నది గనుక అది పొరపాటని నలుగురును నమ్మిరి, అడిగిరి, సరిదిద్దించిరి. అడుగువారు లేని పిల్లల సంగతి ఏమి? పట్టికలో పడిన అంకెయే తమ విలువయని నమ్మిన పిల్లలు చనిపోయిరి. అంకె తప్పు కావచ్చునని చెప్పు నలుగురు స్నేహితుల గుంపు, అంకె ఎంతయని మాత్రమే అడుగు తండ్రికంటె ఆ గడియలో మేలని మేము తలచుచున్నాము.

“అధికారులు ఇచ్చిన కీకంటె పిల్లలకు ఎక్కువ తెలియునా?” అని మన మిత్రులొకరు మాతో వాదించిరి. ఈ వాదమునకు 2024వ సంవత్సరము తగిన సమాధానము చెప్పియున్నది. ఆ సంవత్సరము మే 5న జరిగిన నీట్ పరీక్షలో భౌతికశాస్త్రమున పరమాణువును గూర్చి ఒక ప్రశ్న వచ్చినది. రెండు వాక్యములిచ్చి, వానిలో ఏది సత్యమో చెప్పుమనిరి. పరమాణువు విద్యుత్పరముగా తటస్థమని మొదటి వాక్యము. ప్రతి మూలకముయొక్క పరమాణువులును స్థిరములై, తమకు విశిష్టమైన వర్ణపటమును వెలువరించునని రెండవ వాక్యము. మొదటిది నిజమేయని అందరికిని సమ్మతము. చిక్కు రెండవదానితో వచ్చినది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పాత పుస్తకములో అన్ని మూలకముల పరమాణువులును స్థిరములను అర్థమిచ్చు మాట ఉండెను. క్రొత్త ముద్రణములో దానిని సవరించి, చాల మూలకములకు మాత్రమే ఆ స్థిరత్వము కలదనిరి. యురేనియము, రేడియము వంటివానిని ఎరిగినవాడెవడును అన్నియు స్థిరములని చెప్పడు. పాత పుస్తకము చదివిన పిల్ల ఒక జవాబు దిద్దెను. క్రొత్త పుస్తకము చదివిన పిల్ల వేరొక జవాబు దిద్దెను. పరీక్ష నడపిన జాతీయ సంస్థ రెండింటికిని మార్కులిచ్చి చేతులు దులుపుకొన్నది.

ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. పాత పుస్తకము చదువువారెవరు? అక్క పుస్తకము చెల్లెలు చదువు ఇండ్లవారు. అంగడిలో సగము ధరకు కొనువారు. వారిపై మనకు జాలి సహజము. కాని పాత పుస్తకములో ఉన్నంతమాత్రమున రేడియము పరమాణువు స్థిరమగునా? ఒక పక్షమున న్యాయము, రెండవ పక్షమున సత్యము. ఇంతటి జటిలమైన ధర్మసంకటము పదునెనిమిదేండ్ల పిల్లలకు దొరకుట అరుదు. ఈ వాదము కడకు సర్వోన్నత న్యాయస్థానము ముందుకు పోయినది. 2024 జూలై 22న న్యాయస్థానము ఢిల్లీ ఐ.ఐ.టి. వారిని ముగ్గురు నిపుణులతో తేల్చుమన్నది. మరునాడే వారు చెప్పిరి: ఒక్కటే సరియైన జవాబు, రెండవ వాక్యము తప్పు. దానితో పాత జవాబు దిద్దిన నాలుగు లక్షలకు పైబడిన పిల్లల మార్కులు ఐదేసి తగ్గినవి. మొదట 720కి 720 వచ్చినవారు 67 మంది యని ప్రకటించియుండిరి. వారిలో 44 మందికి ఆ పూర్ణాంకములు ఈ ప్రశ్నవలననే వచ్చినవి. కాలము నష్టపడినదని కొందరికి చేర్చిన మార్కులు తీసివేసి, ఈ ప్రశ్నయు సవరించిన పిమ్మట, జూలై 26 నాటి పట్టికలో మిగిలినవారు 17 మంది.

ఇంత పెద్ద కథకు మూలమేమి? పరీక్ష అయిన తరువాత ఇద్దరు పిల్లలు “నీదేమి? నాదేమి?” అని అడుగుకొనుట. అంతకంటె వేరుగాదు. దేశములోని అత్యున్నత న్యాయస్థానమున పెద్ద పెద్ద న్యాయవాదులు వాదించిన సంగతిని, అంతకు రెండు నెలలకు పైగా ముందు ఎన్ని టీ కొట్ల ముందర మన పిల్లలు వాదించియుందురో! “అయినదేదో అయినది” అని అందరు తల్లులును పిల్లల నోరు మూసియుండినచో రేడియము నేటికిని స్థిరముగనే ఉండెడిది.

మన రాష్ట్రపు పరీక్ష మాత్రము తక్కువ తిన్నదా? 2024 ఏప్రిల్ సీఈటీలో పాఠ్యక్రమము నుండి తొలగించిన భాగములలోని ప్రశ్నలను తెచ్చి పెట్టిరి. వెలుపలికి వచ్చిన పిల్లలు పుస్తకములతో పోల్చి చూచుకొని గోల చేసిరి. అధ్యాపకులు గొంతు కలిపిరి. కడకు అధికారులు 50 ప్రశ్నలను లెక్కలోనుండి తీసివేసిరి. పిల్లలు నోరు విప్పకుండిన ఆ యేబది ప్రశ్నలును అట్లే చెలామణి అయ్యెడివి. చదువని పాఠమునకు తామే బాధ్యులమని ప్రతి పిల్లయు తన గదిలో తాను కుమిలిపోయెడిది.

ఇట్లు ప్రశ్నపత్రములోనికి యేబది ప్రశ్నలను తనిఖీ లేకుండ రానిచ్చిన యీ యేర్పాటు, పరీక్షాకేంద్రపు గుమ్మమువద్ద ఎట్టి తనిఖీ చేయునో బీదరువారమైన మనకు ఎవరును చెప్పనక్కరలేదు. 2025 ఏప్రిల్ 17న మన పట్టణములోని ఒక కేంద్రమున గణితపరీక్షకు వచ్చిన ఒక విద్యార్థిని, జందెము తీసిననే గాని లోనికి రానీయమని నిలిపివేసిరి. అతడు తీయలేదు, పరీక్ష పోయినది. తరువాత దేశమంతయు అల్లరియైనది, బాధ్యులపై చర్య తీసికొనిరి, ప్రభుత్వము ఆ విద్యార్థికి వేరు మార్గము చూపినది. ఆ చర్చను మతవిషయముగా నడపినవారు చాలమంది. మా మనస్సున నాటినది వేరు. ఆ సాయంకాలము ఊరిలోని పిల్లలందరును గణితపు పత్రములు విప్పుకొని కూర్చుండగా, సరిచూచుకొనుటకు పత్రమే లేని పిల్లవాడొకడు ఈ ఊరిలోనే ఉండెను. దారపుపోగును పట్టుకొనగల చూపు ప్రశ్నల కూర్పుపై ఎందుకు ప్రసరింపదని అడుగుటకు మనకు హక్కు లేదా?

నిజమునకు, చేతికి వచ్చిన పత్రమును సరిచూడకపోయినచో ఏమగునో బీదరునకు తెలిసినంతగా మరి యే ఊరికిని తెలియదు. మహమ్మదు గవాను 1472లో కట్టించిన మదరసా, సగము కూలినను, మన కన్నుల యెదుట నేటికిని నిలిచియున్నది. పిల్లలను విహారమునకు తీసికొనిపోయి దాని పింగాణీ పలకల రంగులు చూపుదుము; ఆ కట్టించినవాడు ఎట్లు చచ్చెనో చెప్పము. శత్రువులు అతని ముద్రను సంపాదించి, ఒక కాగితముపై వేయించి, ఒరిస్సా రాజునకు అతడు వ్రాసిన ద్రోహలేఖ యని సుల్తానుకు చూపిరి. ముద్ర నాదే, లేఖ నాది కాదని గవాను చెప్పెను. మద్యపు మైకమున నున్న మూడవ మహమ్మదు షా మరి విచారింపలేదు. 1481లో ఆ వృద్ధ మంత్రి తల తెగిపడినది. బహమనీ రాజ్యము ఆ తరువాత కోలుకొనలేదు. ముద్ర ఉన్నది గనుక లేఖ నిజమని సుల్తాను నమ్మెను. సంస్థ పేరు పైన ఉన్నది గనుక కీ నిజమని మన తండ్రులు నమ్ముచున్నారు. సుల్తానుకు మద్యమైనను సాకుగా ఉండెను.

ఇక భాషాభిమానుల సంగతి. పిల్లలు కలగలుపు మాటలో వాదించుకొందురని, తెలుగు చెడిపోవుచున్నదని ప్రతి ఉగాది సభలోను ఉపన్యాసములు వినుచున్నాము. వేదికపై ఒక బాలునిచేత పద్యము చదివించి, శాలువ కప్పి, ఛాయాచిత్రము తీసికొని, తెలుగును రక్షించితిమని సంతోషించి ఇండ్లకు పోవుదుము. అదే బాలుడు పరమాణువు స్థిరమా అస్థిరమా యని తల్లితో వాదింపబోయినచో, “అవన్నీ నాకు తెల్వదు, ఎన్ని మార్కులొస్తయి చెప్పు” అని ఆమె అచ్చమైన తెలుగులోనే అతని నోరు మూయును. భాష చచ్చుట పద్యము రాకపోవుటవలన కాదు. అందులో పోట్లాడుటకు ఏమియు మిగులకపోవుటవలన.

హైదరాబాదు రాష్ట్రపు తెలుగువారికి ఈ సంగతి ఒకప్పుడు బాగుగా తెలిసియుండెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా సభలోనివారు గేలిచేసిరి. ఆ యవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. దాని పరంపరలోనే 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ కూడినది. జోగిపేట మనకెంత దూరము? వారు కోరినది తెలుగులో పాడుకొను హక్కు కాదు. సభలో తెలుగున వాదించు హక్కు. అంతకు ముందే, 1906లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున వ్రాయించిరి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ భౌతిక, రసాయనిక శాస్త్రముల పాఠ్యగ్రంథములను తెలుగున అచ్చువేసినది. నీట్ ప్రశ్నపత్రము సైతము 13 భాషలలో దొరకును. అందు తెలుగును కలదు, కన్నడమును కలదు. సాధనములు లేవని చెప్పుటకు వీలులేదు. మన పిల్లలు ఆంగ్లమున వ్రాయుదురు గాక. వ్రాయవద్దని మేము చెప్పము. ఇంటికి వచ్చి, వ్రాసినదానిని తెలుగున విప్పి చెప్పగలరా అన్నదే ప్రశ్న. విప్పి చెప్పుటకు వినువాడొకడుండవలెను.

ఇచ్చట ఒక చిన్న సంగతి చెప్పక తప్పదు. ఆదోని, రాయదుర్గము, మడకశిర మొదలైన ఆంధ్ర సరిహద్దు తాలూకాలలోని కన్నడిగులు ‘గడినాడు’ వారన్న పేర కర్ణాటక సీఈటీ ద్వారా సీట్లు పొందవచ్చును. అందుకు వారు 50 మార్కుల కన్నడభాషా పరీక్ష వ్రాసి, 12 మార్కులైనను తెచ్చుకొనవలెను. భాషాల్పసంఖ్యాకులమని చెప్పుకొని మనము పొందు సౌకర్యములకు అట్టి తెలుగుపరీక్షయొకటి పెట్టినచో, మన సంఘసభ్యుల ఇండ్లలో ఆ పండ్రెండు మార్కులు ఎందరికి వచ్చునో లెక్కించుకొనుడు. పిల్లలతోబాటు తండ్రులను కూడ కూర్చుండబెట్టినచో లెక్క ఇంకను రంజుగా ఉండును.

మన పిల్లలను పదవ తరగతి కాగానే హైదరాబాదులోని వసతి కళాశాలలకు పంపు ఆచారమును గూర్చియు ఒక మాట. నూరు మైళ్ళైనను లేని దూరమని, తెలుగుదేశమేనని మనము తృప్తిపడుచున్నాము. 1989లో బీదరున అబ్దుల్ ఖదీరుగారు చిన్నగా ఆరంభించిన షాహీన్ విద్యాసంస్థలకు ఇతర రాష్ట్రముల పిల్లలు వచ్చి వైద్యవిద్యకు సిద్ధమగుచుండగా, మనము ఇచ్చటి పిల్లలను బయటికి మోయుచున్నాము. ఇది ఒక వింత. అంతకంటె పెద్ద వింత, తెలుగు వచ్చునని పంపిన చోట పిల్లలకు ఏ భాషయు మాటలాడ వేళ చిక్కకుండుట. మేమెరిగిన ఒక వసతి కళాశాలలో పరీక్షనాటి రాత్రి పిల్లలు తమలో తాము జవాబులు చర్చింపరాదని కట్టడి చేసి, అందరిచేతను సంఖ్యలు మాత్రము ఒక కాగితముపై వ్రాయించుకొనిరి. ర్యాంకుల ప్రకటనకు అవి కావలెను గదా! పత్రికలో అచ్చగు ఫొటోల వరుసకు ఏ పిల్ల పనికివచ్చునో యాజమాన్యమునకు ఆ రాత్రియే తెలియవలెను; ఏ పిల్ల ఏ తప్పు ఎందుకు చేసెనో ఎన్నటికిని తెలియనక్కరలేదు.

మన పూర్వులు చదువును ఇట్లు నడపలేదు. పూర్వపక్షము చెప్పక సిద్ధాంతము చెప్పుట వారికి తెలియదు. ఈ ప్రక్కనే మెదకు సీమకు చెందిన కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసునకు వ్యాఖ్య వ్రాయునప్పుడు, తనకు ముందటివారి పాఠములను, అర్థములను పోల్చి చూచి, ఒప్పనిదానిని కాదనెను. ఒకే ప్రశ్నకు వచ్చిన నాలుగు జవాబులను సరిచూచుటయే గదా వ్యాఖ్యానమనగా! ఇందులో పూర్వకాలపు గొప్పలు చెప్పుకొనుట మా ఉద్దేశము కాదు. ఆ శాస్త్రచర్చలలో స్త్రీలకును, నిమ్నజాతులకును చోటు లేకుండెను. మన చౌబారా గుంపులో అందరికిని చోటున్నది. ఆ విషయమున పిల్లలే పూర్వులను మించిరి.

“వాదములు పెరిగినచో స్నేహములు చెడును, ఓడినవాడు క్రుంగిపోవును” అని మరికొందరి భయము. క్రుంగిపోవువారు కలరు, కాదనము. కాని పిల్లవాడు తప్పు తెలిసినందున క్రుంగడు. తెలిసిన తప్పునకు వెల కట్టు పెద్దవాడు ఇంటి వాకిట కాచియున్నాడని తెలిసి క్రుంగును. గుంపులో తప్పు బయటపడినప్పుడు అందరును నవ్వుదురు, మరునిమిషమున ఇంకొకని తప్పు బయటపడును, లెక్క సరిపోవును. ఇంటిలో తప్పులన్నియు ఒక్కనివే.

కావున మన సంఘ కార్యవర్గమునకు మా కోరిక యిది. సీఈటీ, నీట్ పరీక్షల చివరి దినముల సాయంకాలము మన సంఘము కూడు గదిని పిల్లలకు తెరచి యుంచవలెను. తెలుగువారి పిల్లలే రావలెనని కట్టడి వద్దు. వారి కన్నడ, మరాఠీ, ఉర్దూ స్నేహితులు లేనిదే వారి వాదము సాగదు. పదకొండవ, పండ్రెండవ తరగతుల పాఠ్యపుస్తకములు పాతవియు క్రొత్తవియు ఒక్కొక్క ప్రతి అచ్చట ఉండవలెను. తెలుగు అకాడమీ పుస్తకములను కూడ తెప్పింపవలెను. విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయులు మనలో ఇద్దరు ముగ్గురు కలరు. వారు ప్రక్కన కూర్చుండి, పిల్లలు అడిగినప్పుడు మాత్రమే మాటలాడవలెను. నల్లబల్ల యొకటి చాలును. కూడిక చేయుట, ర్యాంకు లెక్కించుట ఆ గదిలో నిషిద్ధము. తండ్రులకు బయట వరండాలో టీ ఏర్పాటు చేయవచ్చును.

అధికారులు తాత్కాలిక కీని ప్రకటించి ఆక్షేపణలు కోరుటకు ఇచ్చు వ్యవధి కొలది దినములే. ఆక్షేపణకు కారణము చూపవలెను, పుస్తకపు పుట చూపవలెను. నీట్ పరీక్షలో ఒక్కొక్క ప్రశ్నను ఆక్షేపించుటకు 200 రూపాయల రుసుము కలదు; అది తిరిగి రాదు. ఆ రుసుము చెల్లింపలేక, సరియైన ఆక్షేపణను మానుకొను పిల్లలుందురు. ఆ గదిలో తేలిన ఆక్షేపణలలో ఉపాధ్యాయులు బలముగలవని చెప్పినవానికి సంఘనిధినుండి రుసుము కట్టవలెను. ఉగాదినాటి శాలువల ఖర్చులో సగము ఇందుకు చాలునని మా అంచనా. ఈ కోరికను కార్యదర్శిగారికి లిఖితపూర్వకముగా అందజేయుచున్నాము. వచ్చు ఏప్రిల్ పరీక్షలకు ముందే వారి సమాధానము రావలెను.